టైమ్‌ల్యాప్స్ వీడియోకి ఏ కెమెరా, ఏ సాఫ్ట్‌వేర్? బీజామృతం పోలికని ఉన్నది ఉన్నట్టు చూపించడం ఎలా



విత్తనం పగిలి వేరు దిగడం, మొలక మట్టిని తోసుకుని పైకి లేవడం, చల్లిన నవధాన్యాలు నెలన్నరలో నేలంతా కప్పేయడం... ఇవన్నీ మన కళ్ళ ముందే జరుగుతాయి. కానీ నిదానంగా జరుగుతాయి కాబట్టి పక్క రైతుకి చూపించలేం. టైమ్‌ల్యాప్స్ చేసే పని అదే. పది రోజుల ఎదుగుదలని ఒక నిమిషంలో చూపిస్తుంది. ఏ సెట్టింగ్ ఎక్కడ నొక్కాలో వీడియోలో చూపించాను. ఏ కెమెరా ఎందుకు తీసుకోవాలి, కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది, పోలిక పక్కదారి పట్టకుండా ఎలా అమర్చుకోవాలి అన్నవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచు ఊళ్ళల్లో పత్తి, మిర్చి వేసే రైతుల్లో కౌలు మీద, అప్పు మీద నడిచేవాళ్ళు ఎంతోమంది. అలాంటి రైతు మన వీడియో చూసి ఒక ఎకరం ప్రకృతి సేద్యంలోకి మార్చాడంటే, ఒక సీజన్ మొత్తం మన మాట మీద పెట్టినట్టే. ఎడమ పక్క మొక్క పచ్చగా కనిపించింది బీజామృతం వల్లా, కెమెరా వల్లా అన్నది చూసేవాళ్ళకి తెలియదు. తీసేవాళ్ళకి తెలిసి ఉండాలి. అందుకే ఈ పాఠం మొత్తానికి సూత్రం ఒక్కటే: మెగాపిక్సెళ్ళు ఎన్ని అని కాకుండా, కెమెరా ఏమేం లాక్ చేయనిస్తుంది అని చూసి కొనాలి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు

జర్మనీలోని లైప్జిగ్‌లో విల్‌హెల్మ్ ఫెఫర్ అనే వృక్షశాస్త్రవేత్త 1900 ప్రాంతంలోనే మొక్కల కదలికలని ఇలా ఆగి ఆగి ఫిల్మ్ తీశాడు. ఇంగ్లండ్‌లో పెర్సీ స్మిత్ 1910లో 'ద బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్' పేరుతో పూలు విచ్చుకోవడాన్ని సినిమా హాల్లో చూపించాడు. మన దేశంలో జగదీశ్ చంద్రబోస్ మొక్క ఎదుగుదలని వేల రెట్లు పెద్దది చేసి చూపించే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశాడు. అది కెమెరా కాదు గానీ ఉద్దేశం ఒకటే, కంటికి ఆనని ఎదుగుదలని కనిపించేలా చేయడం.

రైతుకి రైతే వీడియో చూపించడం కూడా మనకి అలవాటైన దారే. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ప్రాజెక్టుగా మొదలై, 2008లో విడిగా సంస్థ అయిన డిజిటల్ గ్రీన్ చేసింది అదే. ఆ ప్రాంతం రైతులతోనే వీడియో తీయించి, చిన్న ప్రొజెక్టర్ మీద ఊళ్ళో చూపించారు. తెరమీద తనలాంటి మనిషి, తనలాంటి నేల కనిపిస్తే రైతు చెవి పెడతాడు. ఆ నమ్మకం ఉంది కాబట్టే మన బాధ్యత కూడా ఎక్కువ.

కెమెరా కంటే ముందు లెక్క

టైమ్‌ల్యాప్స్ అంటే వీడియో కాదు, వరసగా తీసిన ఫొటోల కట్ట. సెకనుకి 25 ఫొటోల చొప్పున ఆడిస్తే కదులుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి మొదట రెండు ప్రశ్నలు వేసుకోండి. పని ఎన్ని రోజులు జరుగుతుంది? వీడియో ఎన్ని సెకన్లు కావాలి? ఈ రెండూ తెలిస్తే ఎన్ని నిమిషాలకొక ఫొటో తీయాలో తేలిపోతుంది.

పది నిమిషాలకొక ఫొటో అంటే గంటకి 6, రోజుకి 144. పది రోజులకి 1440. 25తో భాగిస్తే సుమారు 58 సెకన్ల వీడియో. మన పనులకి పనికొచ్చే కొలతలు ఇవి:

- పెసర, మినుము వేర్లు, మొలకలు: 7 రోజులు, 10 నిమిషాలకొకటి, 1008 ఫొటోలు, 40 సెకన్లు.
- పప్పుజాతి ఆకులు రాత్రి ముడుచుకుని పొద్దున విచ్చుకోవడం: ఒక రోజు, 2 నిమిషాలకొకటి, 720 ఫొటోలు, 29 సెకన్లు.
- జీవామృతం పులియడం: 48 గంటలు, 5 నిమిషాలకొకటి, 576 ఫొటోలు, 23 సెకన్లు.
- నవధాన్యాలు నేల కప్పడం: 45 రోజులు, పగటిపూట గంటకొకటి చొప్పున రోజుకి 12, మొత్తం 540 ఫొటోలు, 22 సెకన్లు.

"నిమిషానికొకటి తీస్తే ఇంకా బాగుంటుంది కదా" అనిపిస్తుంది. లెక్క చూడండి. వేరు రోజుకి 15 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. పది నిమిషాల్లో అది కదిలేది మిల్లీమీటరులో పదో వంతు. 30 సెంటీమీటర్ల వెడల్పు పెట్టెని 1920 పిక్సెళ్ళ ఫొటోలో నింపితే ఒక మిల్లీమీటరుకి వచ్చేది 6 పిక్సెళ్ళ పైచిలుకు. అంటే పది నిమిషాలకి వేరు కొన ఒక్క పిక్సెల్ కూడా జరగలేదు. అంతకన్నా తొందరగా తీస్తే డిస్క్ నిండుతుంది, కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు.

ఇదే లెక్క మెగాపిక్సెళ్ళ సంగతి కూడా తేల్చేస్తుంది. ఫుల్ హెచ్‌డీ వీడియో అంటే 1920 అడ్డం, 1080 నిలువు, మొత్తం కలిపితే సుమారు 20 లక్షల పిక్సెళ్ళు, అంటే 2 మెగాపిక్సెళ్ళు. ఫొటోలో ఒక ముక్కని కత్తిరించి పెద్దది చేసే పని లేకపోతే 24 మెగాపిక్సెళ్ళ కెమెరాతో తీసినా వీడియోలోకి వచ్చేది ఆ 2 మాత్రమే.

లాక్ ఎందుకంత ముఖ్యం

ఏ కెమెరా అయినా ఆటోలో మూడు పనులు తనంతట తనే చేస్తుంది. వెలుతురు తగ్గితే ఫొటోని తెల్లగా చేస్తుంది, అది ఎక్స్‌పోజర్. రంగుని సరిదిద్దుతుంది, అది వైట్ బ్యాలెన్స్. దేని మీద స్పష్టత ఉండాలో వెతుక్కుంటుంది, అది ఫోకస్.

మామూలు ఫొటోకి ఇవి వరాలు. మన పోలికకి ఇవే శత్రువులు. ప్రకృతి సేద్యంలో సగం వాదన ఆకు రంగు మీదే నడుస్తుంది. "యూరియా వెయ్యకపోతే ఆకు పసుపు పడుతుంది" అని వాళ్ళంటారు, "పడలేదు చూడండి" అని మనం అంటాం. ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టి తీసిన ఫొటోలో పసుపాకు కాస్త పచ్చగా, పచ్చాకు కాస్త పసుపుగా రావొచ్చు. మొక్క పెరిగి ఫ్రేమ్‌లో ఆకుపచ్చ ఎక్కువయ్యేకొద్దీ కెమెరా రంగుని మార్చుకుంటూ పోతుంది. అలాంటి వీడియో చూపించి ఆకు రంగు గురించి మాట్లాడితే మనం చెప్పేదానికి ఆధారం ఉండదు.

అందుకని కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగండి:

1. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ చేత్తో సెట్ చేసి ఆపేయొచ్చా?
2. నాకు కావాల్సిన దూరంలో స్పష్టంగా తీస్తుందా?
3. పది రోజులు ఆగకుండా కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?
4. తీసిన ఫొటో వెంటనే కంప్యూటర్‌లోకి వస్తుందా, లేక చివరిరోజు దాకా తెలియదా?

ఏ కెమెరా ఎక్కడికి

వెబ్‌క్యామ్, పాత ల్యాప్‌టాప్. ఇంట్లోనో షెడ్డులోనో మొలకలు, వేర్లు తీయడానికి నేను మొదట చెప్పేది ఇదే. వెబ్‌క్యామ్‌కి వేరే బ్యాటరీ అక్కర్లేదు, యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. మన దగ్గర ఈదురుగాలి వస్తే చాలు కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ బాగుంటే గంటో రెండు గంటలో అదే యూపీఎస్‌లా ఆదుకుంటుంది. డెస్క్‌టాప్ అయితే ఇన్వర్టరో యూపీఎస్సో ఉండాల్సిందే. ఫొటో ఒకటి అర ఎంబీ వేసుకున్నా 1440 ఫొటోలకి 720 ఎంబీ చాలు.

ఇందులోనూ తేడాలున్నాయి. లాజిటెక్ సి270 లాంటి చౌక రకం 720పీ ఇస్తుంది, ఫోకస్ మార్చలేం. అది ఎదురుగా కూర్చున్న మనిషి కోసం చేసింది కాబట్టి మరీ దగ్గర పెడితే విత్తనం మసకగా వస్తుంది. ట్రే అంతా కనిపించేలా అర మీటరు దూరం నుంచి తీయడానికి సరిపోతుంది. సి920 లాంటి రకం 1080పీ ఇస్తుంది, ఫోకస్‌ని సాఫ్ట్‌వేర్ నుంచి దగ్గరకి జరిపి ఆపేయొచ్చు. వేర్ల పెట్టెకి ఇదే మేలు. వేరే కంపెనీది తీసుకున్నా "మాన్యువల్ ఫోకస్ ఉందా" అని అడిగి తీసుకోండి.

ఫోన్. పక్కన పడేసిన పాత ఫోన్ ఉంటే ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు. ఫోన్‌లో ముందునుంచీ ఉండే టైమ్‌ల్యాప్స్ బటన్ రోజుల తరబడి తీసే పనికి కాదు. 'ఓపెన్ కెమెరా' అనే ఉచిత యాప్ వేసుకోండి. అందులో రిపీట్ మోడ్ ఉంది, ఎక్స్‌పోజర్ లాక్ ఉంది, ఫోన్ ఒప్పుకుంటే ఫోకస్, రంగు కూడా చేత్తో సెట్ చేయొచ్చు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. రోజుల తరబడి చార్జింగ్‌లోనే ఉంటే బ్యాటరీ వేడెక్కి ఉబ్బే ప్రమాదం ఉంది. అందుకే ఒకటి రెండు రోజుల పనులకి, అంటే జీవామృతం, ఆకుల కదలిక లాంటివాటికి ఫోన్ వాడండి. వారం దాటితే వెబ్‌క్యామ్‌కి మారండి.

డీఎస్‌ఎల్‌ఆర్. ఇప్పటికే చేతిలో ఉంటే వాడండి, దీనికోసమే కొనకండి. బొమ్మ నాణ్యతలో దీనికి సాటి లేదు, లాక్ అన్నిటికీ ఉంది. కానీ ప్రతి ఫొటోకీ షట్టర్ అరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ రకాలకి కంపెనీలు చెప్పే షట్టర్ ఆయుష్షు మామూలుగా లక్ష క్లిక్కుల దగ్గర ఉంటుంది. పది రోజుల వీడియో ఒక్కటే 1440 క్లిక్కులు తింటుంది, అంటే 70 వీడియోలకి లక్ష అయిపోతుంది. ఒక్కో ఫొటో 7 ఎంబీ వేసుకుంటే 10 జీబీ. ఒక్క బ్యాటరీ పది రోజులకి రాదు. బ్యాటరీ స్థానంలో పెట్టే డమ్మీ బ్యాటరీ, అడాప్టర్ విడిగా కొనాలి. నికాన్ డి5600లో టైమర్ కెమెరాలోనే ఉంది. కానన్ 1500డి లో లేదు, దాన్ని కంప్యూటర్ నుంచి నడపాలి.

ట్రైల్ కెమెరా. అడవిలో జంతువుల లెక్కకి ఫారెస్టు వాళ్ళు చెట్లకి కట్టే రకం. వీటిల్లో చాలావాటికి టైమ్‌ల్యాప్స్ మోడ్ ఉంటుంది. వాన తట్టుకుంటుంది, పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది, ఫొటో మీద తేదీ, సమయం అదే వేస్తుంది. పొలంలో వారాల తరబడి తీయడానికి ఇదే సరైనది. లోపాలు రెండు. దగ్గరి మొక్క మసకగా వస్తుంది, రంగు లాక్ ఉండదు. కాబట్టి నేల ఎంత కప్పింది అన్నది చూపించడానికి వాడండి, ఆకు రంగు పోల్చడానికి వద్దు.

సీసీ కెమెరా చాలామంది పొలాల్లో ఉంది. అది దొంగల్ని చూడటానికి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్‌లోకి మారిపోతుంది, అన్నీ ఆటోనే. కంచె దగ్గర ఏం జరిగిందో తెలుస్తుంది, మొక్క గురించి ఏమీ తెలియదు.

కంప్యూటర్‌ని సిద్ధం చేయడం

పది రోజుల పనిని పాడుచేసేవి చిన్న చిన్న సెట్టింగులే. విండోస్ ల్యాప్‌టాప్ అయితే ఇవన్నీ ముందే చూసుకోండి:

- పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ 'నెవర్' పెట్టండి. స్క్రీన్ ఆరిపోయినా ఫర్వాలేదు, కంప్యూటర్ నిద్రపోకూడదు.
- మూత మూసినప్పుడు 'డూ నథింగ్' పెట్టండి.
- అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. లేకపోతే కరెంటు ఆదా చేస్తున్నాననుకుని కెమెరాని ఆపేయొచ్చు.
- విండోస్ అప్‌డేట్‌ని పాజ్ చేయండి. అర్ధరాత్రి రీస్టార్ట్ అయితే తెల్లారేదాకా మనకి తెలియదు.
- గడియారం సరిగ్గా ఉందో లేదో చూడండి. ఫైల్ పేరులో సమయం అక్కడినుంచే వస్తుంది.

యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటితే నమ్మలేం. అంత దూరంలోనే కెమెరా షెడ్డులో, ల్యాప్‌టాప్ గదిలో ఉండేలా చూసుకోండి. మే నెలలో మన రేకుల షెడ్డులో ల్యాప్‌టాప్ నిలవదు. ఎలుకలు తిరిగే చోట కేబుల్‌ని పైపులోంచి లాగండి. ఉరుములు, మెరుపులు మొదలైతే చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి.

విత్తనం పెట్టకముందు ఒక రాత్రి ఖాళీ ట్రే మీద నడిపి చూడండి. పొద్దున్నకి ఎన్ని ఫొటోలు రావాలో లెక్కేసి, అన్నీ వచ్చాయా, వెలుతురు, రంగు మారకుండా ఉన్నాయా అని చూశాకే అసలు పని మొదలుపెట్టండి.

సాఫ్ట్‌వేర్: మూడు పనులు, మూడు పనిముట్లు

అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో వెతకొద్దు. తీయడం ఒక పని, కూర్చడం ఒక పని, కొలవడం ఒక పని.

తీయడానికి: వెబ్‌క్యామ్ అయితే విండోస్‌లో 'యాక్యామ్' ఉచితం. 'యెట్ అనదర్ వెబ్‌క్యామ్' అనే మాటల్ని కుదించి పెట్టిన పేరది. ఎన్ని నిమిషాలకొకటి తీయాలో చెబితే ఫొటోలని ఫోల్డర్‌లో దాస్తుంది. అక్కడే కెమెరా ప్రాపర్టీస్ కిటికీ తెరిచి ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ ఎదురుగా ఉన్న 'ఆటో' టిక్కులు తీసేయండి. ఫ్లికర్ అన్నచోట 50 హెర్ట్జ్ పెట్టండి, మన కరెంటు అదే. కొన్ని కెమెరాలు కేబుల్ పీకి పెట్టగానే మళ్ళీ ఆటోలోకి వెళ్ళిపోతాయి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ టిక్కులు చూసుకోండి.

డీఎస్‌ఎల్‌ఆర్ అయితే కానన్‌కి ఆ కంపెనీదే 'ఈఓఎస్ యుటిలిటీ' ఉచితంగా వస్తుంది, అందులో టైమర్ ఉంది. కానన్, నికాన్ రెండిటికీ 'డిజికామ్‌కంట్రోల్' కూడా ఉచితమే. మీ మోడల్ దాని జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. లైనక్స్ వాడేవాళ్ళకి 'జీఫొటో2' ఉంది.

వీడియో ఫైల్‌గా కాకుండా ఎప్పుడూ విడివిడి ఫొటోలుగానే దాచండి. మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే వీడియో ఫైల్ తెరుచుకోకపోవచ్చు, ఫొటోలైతే అప్పటిదాకా తీసినవి భద్రం. ఎవరైనా "ఇది నిజమా" అని అడిగితే చూపించడానికి అసలు ఫొటోలు కూడా మన దగ్గరుంటాయి.

కూర్చడానికి: 'షాట్‌కట్' ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. మొదటి ఫొటో తెరిచి, ప్రాపర్టీస్‌లో 'ఇమేజ్ సీక్వెన్స్' టిక్ పెడితే మిగతావన్నీ వరసగా తీసుకుంటుంది. ఫైల్ పేర్లు 0001, 0002 అని సున్నాలతో ఉండాలి. లేకపోతే 1 తర్వాత 10, ఆ తర్వాత 2 వచ్చే గొడవ ఉంటుంది. 'డావిన్చి రిజాల్వ్' ఉచిత వెర్షన్ కూడా బాగుంటుంది గానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. వెలుతురు అదురుతుంటే 'ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్'లో డీఫ్లికర్ ఫిల్టర్ ఉంది. అది ఫ్రేమ్ మొత్తాన్ని ఒకేలా సరిచేస్తుంది కాబట్టి పోలిక చెడదు. ఒక పక్క మొక్కలకే రంగు, వెలుతురు పెంచడం మాత్రం అస్సలు చేయకూడదు.

కొలవడానికి: చాలామందికి తెలియని పనిముట్టు 'ఇమేజ్‌జె'. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో తయారైంది, పూర్తిగా ఉచితం. ఫొటోల వరసని తెరిచి, ఫ్రేమ్‌లో ఉన్న స్కేలు మీద ఒక గీత గీసి "ఇది 10 మిల్లీమీటర్లు" అని చెబితే, ఆ తర్వాత వేరు మీద గీత గీసినప్పుడల్లా పొడవు మిల్లీమీటర్లలో చెప్పేస్తుంది. "ఇటువైపు బాగా పెరిగింది" అనే మాటకీ, "నాలుగో రోజుకి సగటున ఇన్ని మిల్లీమీటర్లు" అనే మాటకీ చాలా తేడా ఉంది కదా.

వేర్ల పెట్టె: బీజామృతం పోలిక

ఇప్పుడు అసలు పని. 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 ఎత్తు, 3 మందం ఉండే పెట్టె, ఎదురుగా అద్దం, అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు. లోపల చెక్కలు పెట్టి మూడు గదులు చేయండి. పెట్టె పైభాగం కెమెరా వైపు వంగేలా ఏటవాలుగా నిలబెట్టండి. వేర్లు నిటారుగా దిగుతూ వచ్చి అద్దానికి ఆనుకుంటాయి, కనిపిస్తాయి.

మూడు గదులు ఎందుకంటే, బీజామృతం పట్టించడం అంటే విత్తనాన్ని తడపడం కూడా. ఒక పక్క బీజామృతం విత్తనం, ఇంకో పక్క పొడి విత్తనం పెట్టి "చూడండి ముందే మొలిచింది" అంటే, అందులో నీళ్ళ వాటా ఎంతో తెలియదు. కాబట్టి:

- మొదటి గదిలో పొడి విత్తనం.
- రెండో గదిలో ఉత్త నీళ్ళు పట్టించి నీడలో ఆరబెట్టిన విత్తనం.
- మూడో గదిలో బీజామృతం పట్టించి, అంతే సేపు నీడలో ఆరబెట్టిన విత్తనం.

బీజామృతం మనకి తెలిసిన పాలేకర్ గారి కొలతే: 20 లీటర్ల నీళ్ళు, 5 కిలోల దేశీ ఆవు పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు గట్టు మట్టి. పరీక్షకి అంత అక్కర్లేదు, అదే నిష్పత్తిలో తగ్గించుకోండి. పెసర లాంటి పప్పు విత్తనాల తోలు పల్చన. నానబెట్టకుండా చిలకరించి, చేత్తో కలిపి, ఆరబెట్టండి. నీళ్ళ గది విత్తనానికీ అంతే కొలత, అదే పద్ధతి.

విత్తనం మీ ఇంటిదే, ఒకే సంచిలోది వాడండి. పత్తి, మిర్చి ప్యాకెట్ విత్తనాలకి ముందే మందు పట్టించి ఉంటుంది కాబట్టి ఈ పరీక్షకి పనికిరావు. మూడు గదుల్లో ఒకే మట్టి, ఒకే లోతు, కొలిచి ఒకే నీళ్ళు.

వెలుతురు సంగతి. వేర్లు వెలుతురుకి, ముఖ్యంగా నీలం కాంతికి, దూరంగా జరుగుతాయి. మామూలు బల్బు 24 గంటలు వేస్తే అద్దం వదిలి లోపలికి పోతాయి. కెమెరాని, పెట్టెని కలిపి నల్లగుడ్డ కప్పి, లోపల చిన్న ఎర్ర ఎల్‌ఈడీ పెట్టండి. ఫొటో ఎర్రగా వస్తుంది, కాస్త మెత్తబడుతుంది. నలుపు తెలుపులోకి మార్చుకుంటే నల్లమట్టి మీద తెల్లటి వేర్లు చక్కగా కనిపిస్తాయి. బల్బు వెలుతురు మూడు గదుల మీదా సమానంగా పడుతోందా చూసుకోండి.

ఆకు రంగు చూపించాలంటే అది వేరే వీడియో. పైన మొక్కలని తెల్లటి ఎల్‌ఈడీ కింద, పగలు 12 గంటలు మాత్రమే తీయండి. రాత్రి ఎదిగిన ఎత్తు పొద్దున మొదటి ఫొటోలో చిన్న గంతులా కనిపిస్తుంది, అది సహజమే.

ఫ్రేమ్‌లో మూడు వస్తువులు తప్పకుండా ఉండాలి. ఒకటి స్కేలు. రెండు, ఏ గదిలో ఏముందో రాసిన చీటీ. మూడు, తెల్ల కాగితం ముక్క. మొదటి ఫొటోలో, చివరి ఫొటోలో ఆ కాగితం రంగు ఒకేలా ఉంటే మన లాక్ నిలబడిందని అర్థం.

ఒక్క పెట్టెతో తీర్పు చెప్పొద్దు. గదికి ఆరు విత్తనాలు పడితే, ఒకటి మొలవకపోయినా పెద్ద తేడాలా కనిపిస్తుంది. గదుల స్థానాలు మార్చి కనీసం మూడుసార్లు తీయండి. మొలక శాతం కోసం తడిగుడ్డలో ఒక్కోరకం వంద విత్తనాలు పెట్టి విడిగా లెక్కపెట్టండి. మొలవని విత్తనాన్ని ఫ్రేమ్‌లోంచి కత్తిరించొద్దు. కరెంటు పోయి ఫొటోలు రాకపోతే "ఇక్కడ మూడు గంటలు కరెంటు లేదు" అని వీడియోలోనే రాయండి. నీళ్ళ గది, బీజామృతం గది సమానంగా వస్తే అదీ చూపించండి. వేరు పొడుగ్గా దిగిందంటే దిగుబడి పెరిగిందని కాదు. మొలక దశలో ఏం జరిగిందో అంతవరకే ఈ వీడియో చెబుతుంది.

పొలంలో, అడవి అంచున

నవధాన్యాల వీడియోకి ట్రైల్ కెమెరాని వెదురు బొంగుకి కట్టొద్దు, గాలికి ఊగుతుంది. ఇనుప పైపుని సిమెంటు వేసి నిలబెట్టండి. కోతులకి మెరిసే వస్తువు కనిపిస్తే ఊరుకోవు. రంధ్రం చేసిన ఇనుప పెట్టెలో పెట్టి, మట్టి రంగు వేసి, బోల్టులతో బిగించండి. కెమెరా మీ పట్టా భూమిలో, మీ పంట వైపే చూడాలి. కిన్నెరసాని లాంటి అభయారణ్యాల అంచున ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా అడవిలో చెట్టుకి కట్టొద్దు.

ఏ దిక్కుకి పెట్టాలి? విదేశీ వీడియోల్లో ఉత్తరం వైపు చూసేలా పెట్టమంటారు, ఎండ లెన్సులో పడకుండా. మన దగ్గర యాసంగికి అది సరే. వానాకాలంలో కుదరదు. మే రెండో వారం నుంచి జూలై ఆఖరు దాకా మన నడినెత్తిన సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు, ఉదయం సాయంత్రం ఈశాన్యం, వాయవ్యం వైపు ఉంటాడు. అందుకని వానకి ముందు చల్లే నవధాన్యాలకి కెమెరా దక్షిణం వైపు చూడాలి.

మబ్బులకి వీడియో మెరుస్తూ ఆరుతూ ఉంటే, గంటకొకటి తీసినవాటిలోంచి రోజూ ఒకే సమయం ఫొటోలు ఏరుకోండి. పొద్దున 8 గంటలవి అయితే నీడలు కూడా ఒకేలా పడతాయి. 45 ఫొటోలే వస్తాయి, ఒక్కోదాన్ని ఐదు ఫ్రేముల పాటు నిలిపితే 9 సెకన్లు. చిన్నదే గానీ చూడటానికి హాయిగా ఉంటుంది. వారానికోసారి లెన్సు తుడవండి, సాలీడు గూడు పెడుతుంది. తీసేసిన కెమెరాని సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో దాచండి. మన వానాకాలం తేమకి లెన్సు లోపల బూజు పడుతుంది.

చివరగా

చేతిలో ఏమీ లేనివాళ్ళు పాత ఫోన్, ఓపెన్ కెమెరాతో జీవామృతం 48 గంటల వీడియో తీసి చూడండి, పని అర్థమవుతుంది. వేర్లు, మొలకలకి ఫోకస్ ఆపగలిగే వెబ్‌క్యామ్, పాత ల్యాప్‌టాప్, యాక్యామ్, షాట్‌కట్, ఇమేజ్‌జె చాలు. పొలానికి ట్రైల్ కెమెరా. డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే మంచిదే, లేకపోతే లోటేమీ లేదు.

వానలు పడేలోపు వేర్ల పెట్టె ఒకటి చేసుకోండి. మూడుసార్లు తీయడానికి మూడు వారాలు చాలు. మీ ఊళ్ళో నలుగురిని కూర్చోబెట్టి చూపించినప్పుడు, వీడియోతో పాటు అసలు ఫొటోల ఫోల్డర్ కూడా తెరిచి పెట్టండి. అనుమానం ఉన్న రైతు తన చేత్తోనే ఒక్కో ఫొటో తిప్పి చూసుకుంటాడు.